టీవీని మానిటర్‌గా వాడుతున్నారా? అక్షరాల మసక గురించి అపోహలు - వాస్తవాలు

"టీవీకి కంప్యూటర్ తగిలించాను. సినిమా అద్దంలా కనిపిస్తోంది, అక్షరాలు మాత్రం చదవలేకపోతున్నాను." కంప్యూటర్లు అమర్చిపెట్టే పనిలో ఉన్న నాకు ఈ మాట వినని వారం ఉండదు. దాని వెనకే "టీవీలు కంప్యూటర్‌కు పనికిరావట కదా" అన్న మాట కూడా వస్తుంది. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో చెప్పారంటారు. ఆ ఎవరో చెప్పిన మాట నమ్మి, నిక్షేపంలాంటి టీవీని పక్కనపెట్టి మానిటర్ కొన్నవాళ్లున్నారు. కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసి తెరకు పంపే గ్రాఫిక్స్ కార్డు బాగా పనిచేస్తున్నా దాన్ని తీయించి మరొకటి వేయించుకున్నవాళ్లున్నారు. కొత్త కార్డుతోనూ అదే మసక చూసి దిగాలుపడ్డారు. వీళ్లలో చాలామందికి అసలు కావలసింది టీవీ రిమోట్, ఐదు నిమిషాల ఓపిక.

అందుకే మిగతా అపోహల సంగతి తర్వాత చూద్దాం. ముందు డబ్బు ఎక్కువగా పోగొడుతున్న దాని పని పడదాం.

అపోహ: టీవీ తెర మీద కంప్యూటర్ అక్షరాలు మసకగానే ఉంటాయి. అది టీవీ స్వభావం.

వాస్తవం: ఫుల్ హెచ్‌డీ టీవీ ప్యానెల్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చుక్కలు, ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లోనూ అన్నే. కంప్యూటర్ పంపిన ఒక్కో పిక్సెల్ ప్యానెల్ మీద ఒక్కో పిక్సెల్‌లో సరిగ్గా కూర్చుంటే, అక్షరం మానిటర్‌లో ఉన్నంత పదునుగానే ఉంటుంది. అలా కూర్చోనివ్వకుండా అడ్డుపడేది ఓవర్‌స్కాన్.

పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో బొమ్మ అంచులు నిలకడగా ఉండేవి కావు. సెట్టుకూ సెట్టుకూ తేడా, ట్యూబు పాతబడితే మరింత తేడా. ఆ వంకర కనిపించకుండా బొమ్మను కాస్త పెద్దది చేసి, అంచులను తెర చట్రం వెనక్కి నెట్టేసేవారు. ప్యానెల్ టీవీలు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, అలవాటు మాత్రం మిగిలింది. ఇప్పటికీ చాలా టీవీలు హెచ్‌డీఎమ్‌ఐ (కంప్యూటర్‌ను టీవీకి కలిపే కేబుల్) ద్వారా వచ్చిన బొమ్మను కొద్ది శాతం పెంచి, అంచులు కోసి చూపిస్తాయి. సినిమాలో ఆకాశం ఓ వేలెడు తగ్గినా ఎవరికీ పట్టదు. కంప్యూటర్ తెర దగ్గర మాత్రం అది ప్రాణం తీస్తుంది.

ఎలాగో చూడండి. టీవీ 5 శాతం ఓవర్‌స్కాన్ చేస్తోందనుకుందాం. మీరు పంపిన 1920 పిక్సెళ్లలో మధ్యనున్న 1824 మాత్రమే తీసుకుని, వాటిని మళ్లీ 1920 పిక్సెళ్ల మీద సాగదీస్తుంది. అంటే మీ ఒక్కో పిక్సెల్ ఇప్పుడు సుమారు 1.05 పిక్సెళ్లయింది. ప్యానెల్ మీద అలాంటి ముక్క పిక్సెల్ ఉండదు కనుక, టీవీ పక్కపక్క పిక్సెళ్ల రంగులను కలిపి మధ్యస్థంగా ఏదో ఒకటి వేస్తుంది. తెల్ల కాగితం మీద ఒక్క పిక్సెల్ మందాన ఉన్న నల్లగీత, రెండు పిక్సెళ్ల బూడిద గీత అవుతుంది. తెలుగు అక్షరాల్లో తలకట్లూ గుడులూ సుడులూ ఎన్ని సన్నని వంపులో మీకు తెలుసు. చిన్న అక్షరాల్లో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకపోవడం ఇందువల్లే.

ఓవర్‌స్కాన్ ఉందో లేదో కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తెర కింద టాస్క్‌బార్ పూర్తిగా కనిపిస్తోందా? కిటికీని పూర్తిగా పెంచినప్పుడు పై కుడి మూలన మూసే గుర్తు మొత్తం ఉందా, సగమే ఉందా? అంచు తెగిందంటే ఓవర్‌స్కాన్ ఉన్నట్టే. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపుగా చదరంగం గళ్లలా నిండిన బొమ్మను అసలు సైజులో తెరిచి చూడండి. తెరంతా ఒకే బూడిద రంగులో సమంగా కనిపిస్తే పిక్సెళ్లు సరిగ్గా కూర్చున్నాయి. అలలు, చారలు, మచ్చలు కనిపిస్తే టీవీగానీ కంప్యూటర్‌గానీ బొమ్మను సాగదీస్తోంది.

సరిచేసే సెట్టింగు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో పేరుతో ఉంటుంది. జనం వెతుక్కోలేకపోవడానికి సగం కారణం ఇదే. శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో ఫుల్ పిక్సెల్, షార్ప్‌లో డాట్ బై డాట్, ఫిలిప్స్‌లో అన్‌స్కేల్డ్. ఇది సాధారణంగా పిక్చర్ సైజు లేదా ఆస్పెక్ట్ రేషియో మెనూ కింద ఉంటుంది. కంప్యూటర్ ఆన్‌లో ఉండి, సరైన రిజల్యూషన్‌లో బొమ్మ వస్తున్నప్పుడు ఆ మెనూ తెరవండి. బొమ్మ లేనప్పుడు కొన్ని టీవీలు ఆ ఎంపికను చూపించవు.

ఇక్కడ ఒక తప్పుడు వైద్యం గురించి గట్టిగా చెప్పాలి. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లో బొమ్మను చిన్నది చేసే జరుగుడు మీట ఒకటి ఉంటుంది. అంచు తెగిందని చెప్పగానే చాలామంది మరమ్మతుదారులు దాన్ని జరిపి, నాలుగు అంచులూ కనిపించగానే పని అయిపోయిందని వెళ్లిపోతారు. పని కాలేదు! కంప్యూటర్ బొమ్మను కుదించి పంపుతోంది, టీవీ ఆ కుదించినదాన్ని మళ్లీ సాగదీస్తోంది. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు మసక రెట్టింపవుతుంది. అంచులు కనిపిస్తున్నాయి కనుక ఇక తప్పు టీవీదేనని అందరూ తీర్మానిస్తారు. ఆ మీటను సున్నాకు తెచ్చి, టీవీలో ఓవర్‌స్కాన్ ఆపండి. రెండింటిలో ఒక్కటే చేస్తే లాభం లేదు.

కంటి శుక్లం ఆపరేషన్ చేయించుకున్న ఒక మాస్టారు నాకు తెలుసు. పెద్ద అక్షరాలు కావాలని కొడుకు టీవీని కంప్యూటర్‌కు కలిపి వెళ్లాడు. ఎవరో వచ్చి మీటతో అంచులు సర్దారు. ఆయనకు అక్షరాల చుట్టూ నీడలు కనిపించేవి. ఆపరేషన్ సరిగా జరగలేదేమోనని లోలోపల కుమిలిపోయారు. ఇంట్లోవాళ్లకు చెప్తే కంగారుపడతారని చెప్పలేదు. నేను వేరే పని మీద వెళ్లినప్పుడు, "బాబూ, నీకూ ఇది రెండుగా కనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడిగారు. "నాకూ కనిపిస్తోంది మాస్టారూ, మీ కంటిలో ఏ దోషమూ లేదు" అన్నాక ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మీట సున్నాకు తెచ్చి, టీవీలో బొమ్మ సైజు మార్చాను. తెర ఒక్కసారి నల్లబడి తిరిగి వచ్చేసరికి అక్షరాల చుట్టూ ఉన్న నీడ పలచబడింది. షార్ప్‌నెస్ కూడా తగ్గించాక పూర్తిగా పోయింది. ఆయన మనవరాలు పంపిన ఉత్తరాన్ని పైకి చదవడం మొదలుపెట్టారు. వదంతులు మోసేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇలాంటివారిని చూసినప్పుడే.

ఆ షార్ప్‌నెస్ సంగతి కూడా చెప్పేస్తాను. పేరు చూసి పెంచితే పదును పెరుగుతుందనుకుంటారు. టీవీ చేసేదల్లా గీతల అంచుల పక్కన తెల్లని అంచును అదనంగా పూయడం. సినిమా ముఖాలకు అది మెరుపు, అక్షరాలకు తెగులు. అక్షరం చుట్టూ తెల్లని మెరుపు మాయమయ్యేదాకా తగ్గించుకుంటూ రండి. చాలా టీవీల్లో అది సున్నా దగ్గర, సోనీలో 50 దగ్గర ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా నల్ల అక్షరాలు బాగుండి, నీలం మీద ఎర్ర అక్షరాల్లాంటివి మాత్రం అలుక్కుపోయి ఉంటే కారణం వేరు. వీడియోలో స్థలం ఆదా చేయడానికి నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు వివరం పంపే పద్ధతి ఉంది. దాన్ని 4:2:0 అంటారు. వెలుగు వివరం మాత్రం ప్రతి పిక్సెల్‌కూ వస్తుంది కాబట్టి సినిమాలో తేడా తెలియదు. కంప్యూటర్‌కు కావలసింది 4:4:4, అంటే ప్రతి పిక్సెల్‌కూ దాని సొంత రంగు వివరం. శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్‌కు పీసీ అని గుర్తు పెడితే టీవీ రంగు వివరాన్ని కుదించకుండా తీసుకుంటుంది. ఇన్‌పుట్ పేరు మార్చడమేమిటి, బొమ్మ మారడమేమిటి అని మొదట నమ్మరు. మార్చి చూస్తే కళ్లకే తెలుస్తుంది.

అపోహ: 4కే టీవీ (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లున్నది) అయితే ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: ప్యానెల్ 4కే అయినంత మాత్రాన దారి కూడా అంత వెడల్పుగా ఉండదు. 2009లో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ 1.4 సామర్థ్యం సెకనుకు 10.2 గిగాబిట్లు. దాని మీద 4:4:4లో 4కే బొమ్మ 30 హెర్ట్జ్‌కే, అంటే సెకనుకు 30 సార్లే, వస్తుంది. మౌస్ బాణం ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపించేది అందుకే. 2013లో వచ్చిన 2.0 సామర్థ్యం 18 గిగాబిట్లు. అందులో 60 హెర్ట్జ్ హాయిగా పడుతుంది. కంప్యూటర్ పోర్టు, కేబుల్, టీవీ పోర్టు మూడూ ఆ స్థాయివి కావాలి. టీవీలో అన్ని పోర్టులూ ఒకే స్థాయివి కాకపోవచ్చు. పోర్టు సరైనదైనా, దాని పూర్తి సామర్థ్యాన్ని మెనూలో విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు. శాంసంగ్‌లో యూహెచ్‌డీ కలర్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అన్న పేర్లు చూడండి. గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు పోర్టులు, కేబుల్, మెనూ ఈ మూడు చోట్లా వెతకండి.

అపోహ: తెర ఎంత పెద్దదైతే అంత వివరంగా కనిపిస్తుంది.

వాస్తవం: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు. అవే పిక్సెళ్లను 43 అంగుళాల టీవీ మీద పరిస్తే అంగుళానికి 51. బల్ల మీద పెట్టుకుని రెండడుగుల దూరం నుంచి చూస్తే ఒక్కో చుక్కనూ లెక్కపెట్టవచ్చు. ఇది సెట్టింగుతో పోయేది కాదు. అదే టీవీకి ఐదున్నర అడుగుల పైన కూర్చుంటే మామూలు చూపుకు చుక్కలు విడిగా తెలియవు. బల్ల మీదే కావాలంటే 43 అంగుళాల్లో 4కే తీసుకోండి. అంగుళానికి 102 పిక్సెళ్లు పైనే వస్తాయి కనుక చక్కగా సరిపోతుంది.

హెచ్‌డీ రెడీ అని రాసి ఉన్న టీవీల దగ్గర మాత్రం నేను ఆశ పెట్టను. వాటిలో చాలావాటి ప్యానెల్ 1366 × 768. హెచ్‌డీఎమ్‌ఐ మీద అవి కంప్యూటర్‌కు చెప్పేది సాధారణంగా 1280 × 720 లేదా 1920 × 1080. రెండూ ప్యానెల్‌కు సరిపోవు, ఏది పంపినా టీవీ సాగదీయడమో కుదించడమో చేయాల్సిందే. వెనకాల పీసీ అని రాసిన పాత వీజీఏ పోర్టు ఉంటే దానిలో 1360 × 768 ప్రయత్నించండి. కొన్ని టీవీల్లో అది హెచ్‌డీఎమ్‌ఐ కన్నా శుభ్రంగా వస్తుంది.

మిగతావి త్వరగా ముగిస్తాను.

అపోహ: బంగారు పూత కేబుల్ వేస్తే అక్షరం పదునెక్కుతుంది. హెచ్‌డీఎమ్‌ఐలో వచ్చేది డిజిటల్ సంకేతం. కేబుల్ పాడైతే చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా అసలే రాదు. మసకబారదు. మసక చూపించి మీకు కేబుల్ అమ్మజూపితే కొనకండి.

అపోహ: టీవీని దగ్గర నుంచి చూస్తే చూపు పోతుంది. పోదు. రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి, అలసిపోతాయి. అది ఏ తెరతోనైనా ఉన్నదే. టీవీ కొత్తలో ఉండే కాంతి, గది అవతలి నుంచి చూసేవాళ్లకు సరిపోయేంత ఎక్కువ. బ్యాక్‌లైట్ బాగా తగ్గించుకోండి, ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడండి. నొప్పి తగ్గకపోతే కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. అంతే తప్ప భయం పెట్టుకోవద్దు.

అపోహ: నలుపు వెలిసిపోయినట్టు ఉంటే ప్యానెల్ నాసిరకం. వెలుగును అంకెల్లో పంపేటప్పుడు, వీడియో పద్ధతిలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ పద్ధతిలో 0, 255. కంప్యూటర్ ఒకటి పంపి టీవీ ఇంకోటి అనుకుంటే, నలుపు బూడిదవుతుంది, లేదా చీకటి దృశ్యాల్లో వివరాలు నలుపులో కలిసిపోతాయి. డ్రైవర్‌లోనూ టీవీలోనూ ఒకే పద్ధతి పెట్టండి.

అపోహ: మౌస్ బరువుగా కదులుతోందంటే కంప్యూటర్ నెమ్మదించింది. టీవీ ప్రతి చిత్రాన్నీ మెరుగులు దిద్ది చూపించడానికి కొంత సమయం తీసుకుంటుంది. గేమ్ మోడ్ పెట్టండి, కదలికను నునుపు చేసే సెట్టింగులన్నీ ఆపండి.

అపోహ: కంప్యూటర్ పెడితే ఏ టీవీ అయినా మచ్చలు పడి పాడవుతుంది. ఎల్‌ఈడీ అని అమ్మే మామూలు ఎల్‌సీడీ టీవీల విషయంలో దీనికి భయపడనక్కర్లేదు. ఒకవేళ నీడ కనిపించినా సాధారణంగా కొంతసేపటికి అదే పోతుంది. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ టీవీల విషయంలో ఈ భయం న్యాయమైనదే. టాస్క్‌బార్ లాగా కదలకుండా ఉండే ప్రకాశవంతమైన బొమ్మలు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే శాశ్వతంగా గుర్తు పడవచ్చు. టాస్క్‌బార్ దానంతటదే దాగేలా పెట్టుకోండి, వెనక బొమ్మ నల్లగా ఉంచండి, తెర కొద్ది నిమిషాల్లో ఆరిపోయేలా చూసుకోండి. రోజంతా లెక్కల పట్టికలు తెరిచి ఉంచే పనికైతే ఓఎల్‌ఈడీ కొనమని నేను ఎవరికీ చెప్పను.

కొత్తగా కొనబోయేవాళ్లు వీలైతే సొంత ల్యాప్‌టాప్ పట్టుకుని దుకాణానికి వెళ్లండి. అక్కడ తిప్పి చూపించే వీడియోలు అక్షరాల గురించి ఏమీ చెప్పవు. మీరు రోజూ చదివే పత్రం ఒకటి తెరవండి, అంచులు తెగుతున్నాయేమో చూడండి, నీలం మీద ఎర్రగా నాలుగు వాక్యాలు రాసి చదవండి. ఓవర్‌స్కాన్ ఆపే సెట్టింగు ఎక్కడుందో రిమోట్ ఇచ్చి చూపించమనండి. ఆ సెట్టింగు మెనూలో దొరకకపోతే ఆ మోడల్‌ను అక్కడే వదిలేయండి.