డైరీ రాసే పిల్లకు రేపేమవుతుందో తెలియదు

చిరంజీవులకు,

నాజీల నుంచి దాక్కున్న యూదు పిల్ల అన్నే ఫ్రాంక్ డైరీ సగం చదివి, ఏడుపొచ్చి మూసేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మూసేసినందుకు ఏమీ అనను. కానీ మళ్ళీ తెరవండి, ఈసారి చదివే తీరు మార్చండి.

చివరికి ఆమె నాజీల నిర్బంధ శిబిరంలో చనిపోయిందని మీకు ముందే తెలుసు. అందుకే ప్రతి పేజీలోనూ చావే కనబడింది. ఆ పిల్లకు మాత్రం అది తెలియదు. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకు, ఆ నోటుబుక్కు చేతికొచ్చింది. నెల తిరక్కుండానే, జూలై 6న, ఇంటిల్లిపాదీ ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ళ నాన్న ఆఫీసు వెనక గదుల్లో దాక్కున్నారు. తర్వాత ఇంకో నలుగురు చేరారు. ఎనిమిది మంది, రెండేళ్ళకు పైగా. పగటిపూట కింద పనివాళ్ళుంటారు కాబట్టి గట్టిగా నడవడానికి కూడా లేదు.

అంత ఇరుకులో ఉండి ఆమె రాసిందేమిటో చూడండి. తన గదిలోనే ఉండే పళ్ళ డాక్టరుతో టేబుల్ దగ్గర గొడవ! వారానికి రెండు మధ్యాహ్నాలు కాసేపు కూర్చుని రాసుకుంటానంటే ఆయన ససేమిరా అన్నాడు, చివరికి వాళ్ళ నాన్న వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. ఆ డైరీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు అవే. బయట యుద్ధం, లోపల టేబుల్. పద్నాలుగేళ్ళ పిల్లకు రెండూ పెద్దవే.

1944 మార్చిలో ఒక డచ్ మంత్రి లండన్ రేడియోలో మాట్లాడుతూ, యుద్ధం అయ్యాక జనం రాసుకున్న డైరీలు, ఉత్తరాలు సేకరించాలన్నాడు. అది విన్నాక ఆమె తన డైరీని పుస్తకంగా తిరగరాయడానికి కూర్చుంది. కాబట్టి జాలితో కాకుండా, ఒక రచయిత్రిని చదువుతున్నట్టు చదవండి. ఆగస్టు 1న చివరిసారి రాసింది. 4న నాజీ పోలీసులొచ్చి అందరినీ పట్టుకుపోయారు.

ఇంకో పిల్ల గురించి కూడా చెప్పాలి, ఆమెది రష్యా. లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్లు చుట్టుముట్టి తిండి అందకుండా చేసినప్పుడు, తాన్యా సవిచేవా అక్క నోటుబుక్కులో ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు రాసింది. అందులో అక్షరాల వారీగా పేజీలున్నాయి, ఎవరి పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ పేజీలో. అక్క, అమ్మమ్మ, అన్న, నాన్న అన్నదమ్ములు ఇద్దరు, 1942 మే 13 పొద్దున ఏడున్నరకు అమ్మ. చివరన, అందరూ చనిపోయారు, తాన్యా ఒక్కతే మిగిలిందని రాసింది. నిజానికి ఒక అక్క, ఒక అన్న బతికే ఉన్నారు. ఆ సంగతి తాన్యాకు తెలియదు. తాన్యా అబద్ధం రాయలేదు పిల్లలూ, తనకు తెలిసినంత వరకు రాసింది. ఏ డైరీ చదివినా ఇది గుర్తుపెట్టుకోండి. ఆ రోజున ఆమెకు ఏం తెలుసు, ఏం తెలియదు?

మన నల్లగొండలో అలాంటి డైరీలు లేవా అని చిన్నది అడిగిందట. మంచి ప్రశ్న. మల్లు స్వరాజ్యం గారు పుట్టింది 1931లో, అన్నే కంటే రెండేళ్ళు చిన్న. కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట్లో పుట్టి, చిన్న వయసులోనే వెట్టికి ఎదురు తిరిగి సాయుధ పోరాటంలోకి వెళ్ళారు. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో ఆడపిల్లలకు బడే అరుదు, నైజాం రాజ్యంలో పై చదువు చాలావరకు ఉర్దూలో. దళాల్లో తిరిగిన ఆడవాళ్ళ మాటలు చాలావరకు దశాబ్దాల తర్వాత, వాళ్ళు చెబుతుంటే వేరేవాళ్ళు రాసుకున్నవే. వాటికి ఎంతో విలువుంది. కానీ అప్పటికి వాళ్ళకు కథ చివర తెలుసు. పోరాటం 1951లో ఆగిందని తెలుసు, ఎవరు చచ్చారో, ఎవరు మిగిలారో తెలుసు. పదిహేనేళ్ళ పిల్లగా ఆ రాత్రి చీకట్లో ఏమనుకున్నారో కాగితం మీద లేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మీ నానమ్మ దగ్గర కూర్చుని రాసుకోండి. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. సాగర్ కాలువ రాకముందు నీళ్ళు ఎక్కడి నుంచి మోశారు, కరువులో ఏం వండుకున్నారు, బడి ఏ తరగతిలో మాన్పించారు, ఆ రోజు ఏమనిపించింది అని అడగండి. ఆమె మాట ఎలా ఉంటే అలాగే దింపండి, దిద్దకండి. పైన రెండు తేదీలు వేయండి: ఆ సంగతి జరిగిన ఏడు ఒకటి, ఆమె మీకు చెప్పిన రోజు ఇంకొకటి. దసరాకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తెండి, నేనూ చదువుతాను.

మీ తాతయ్య