బైక్ మీద గన్: నడుం వెనక వద్దని ఎందుకు చెప్తానంటే

చలికాలం పోయి ఎండ తగలగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు గరాజ్‌లో కప్పిపెట్టిన బైకులు బయటికి తీసే రోజులవి. "అన్నా, రైడ్‌కి వెళ్లేటప్పుడు పిస్టల్ నడుం వెనక మధ్యలో పెట్టుకుంటే జాకెట్ కింద కనపడదు, పొట్టకి గుచ్చుకోదు, అదే బెస్ట్ అంటున్నారు, నిజమేనా?" టెక్సస్‌లో హ్యాండ్‌గన్ లైసెన్స్ క్లాసులు చెప్తాను, పదహారేళ్లుగా బైక్ నడుపుతున్నాను. ఇన్నిసార్లు జవాబు చెప్పిన ప్రశ్న ఇంకోటి లేదు. అందుకే రాసి పెడుతున్నాను.

అపోహ: నడుం వెనక మధ్యలో పెట్టుకుంటే హాయి, ఎవరికీ కనపడదు.

వాస్తవం: హాయిగానే ఉంటుంది, కింద పడనంతవరకు. బుల్లెట్లు నింపిన గ్లాక్ 19 పిస్టల్ దాదాపు 850 గ్రాములు. చేతిలో పెద్ద బరువేం కాదు. కానీ అది వంగదు, నలగదు. బైక్ మీంచి వెల్లకిలా పడితే మీ ఒంటి బరువంతా దాని మీద, అది మీ వెన్నుపూస మీద. తుంటి దగ్గర కాస్త కండ ఉంటుంది, దెబ్బ కొంత అది తీసుకుంటుంది. నడుం మధ్యలో అలా తీసుకునేది ఏమీ లేదు, పైగా నరాలన్నీ అక్కడే. జాకెట్‌లో బ్యాక్ ప్రొటెక్టర్ ఉంది కదా అంటారు. ఒకసారి మీ జాకెట్ వేసుకుని వెనక తడిమి చూడండి. చాలా జాకెట్లలో ఆ ప్యాడ్ బెల్టుకి పైనే ఆగిపోతుంది, గన్ ఉండే చోటికి రాదు. పోలీసు ట్రైనర్లు బెల్టు వెనక మధ్య భాగంలో బేడీలు కూడా పెట్టుకోవద్దని చెప్పేది ఇందుకే.

నాలుగేళ్ల క్రితం లీకీ ఊరి దగ్గర రాంచ్ రోడ్ 337 మీద, ఒక మలుపులో కంకర తగిలి నా ముందు చక్రం జారింది. స్పీడు ముప్పై మైళ్లు కూడా లేదు. కుడివైపు పడ్డాను. గన్ తుంటికి కాస్త వెనగ్గా ఉంది. హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) క్లిప్పు ఆకారంలో అక్కడ నల్లగా కమిలిపోయి నెల రోజులు మచ్చ ఉంది. అంతటితో పోయింది. మా గ్రూపులో ఇంకొకతను ఆ తర్వాతి ఏడాది దాదాపు అదే స్పీడులో వెల్లకిలా పడ్డాడు. గన్ నడుం వెనక ఉంది. వెన్నుపూసలో పగులు, మూడు నెలలు నడుముకి పట్టీ. వాళ్లావిడ నాకు ఫోన్ చేసి, "అది అక్కడ లేకపోతే లేచి నడిచేవారా అన్నయ్యా" అని అడిగింది. నాకు తెలిసినంతలో నడిచేవాడే. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు.

దెబ్బ సంగతి పక్కన పెట్టినా, కనపడదన్న మాట కూడా తప్పే. హ్యాండిల్ మీదకి వంగితే జాకెట్ పైకి లేస్తుంది. సిగ్నల్ దగ్గర మీ వెనకాల కారులో ఉన్నవాళ్లకి గన్ పిడి మొత్తం కనిపిస్తుంది, అది మీకు తెలియదు కూడా. వెనక సీట్లో భార్య కూర్చుంటే ఆ పిడి ఆమె పొట్టకి ఆనుకుని ఉంటుంది. ఇక తీసేటప్పుడు గొట్టం మీ నడుం మీదుగానే తిరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు హోల్‌స్టర్ మీ కంటికి కనపడదు.

మరి ఎక్కడ? బొడ్డుని పన్నెండు అనుకుంటే గడియారంలో నాలుగు గంటలు ఉండే చోట, తుంటి ఎముకకి కాస్త వెనగ్గా. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, వంగిపోని మందపాటి బెల్టు, పడినప్పుడు గన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచే స్ట్రాప్ లేదా లాక్. ఈ చోటయితే ఏ ప్రమాదమూ లేదని నేను అనను. పడితే దెబ్బ ఎక్కడైనా దెబ్బే, నడక పోయే చోటు వద్దంటున్నాను, అంతే. బొడ్డు పక్కన ముందువైపు పెట్టుకోవడం కారులో పర్వాలేదు కానీ స్పోర్ట్స్ బైక్ మీద వద్దు. ఎదురుగా గుద్దుకుంటే కటి ఎముక నేరుగా వెళ్లి ట్యాంకుకి తగులుతుంది, మధ్యలో గన్ ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. మనలో చాలామందికి పర్సు కుడి వెనక జేబులో పెట్టే అలవాటు. గన్ సరిగ్గా దాని పైనే ఉంటుంది. పోలీసు ఆపి లైసెన్స్ అడిగితే మీ చెయ్యి వెళ్లేది గన్ వైపుకే. పర్సు ఎడమ జాకెట్ జేబులోకి మార్చండి. ఇంజన్ ఆపి, చేతులు హ్యాండిల్ మీదే ఉంచి, గన్ ఉందని, ఎక్కడ ఉందని నోటితో చెప్పండి. హ్యాండ్‌గన్ లైసెన్స్ ఉంటే డ్రైవింగ్ లైసెన్సుతో పాటు అదీ చూపించాలి.

అపోహ: ఇదంతా ఎందుకు, బ్యాగులో పడేస్తే సరి.

సైడ్ బ్యాగుల తాళాలు స్క్రూడ్రైవర్‌కి ఆగవు. గుడ్డ బ్యాగయితే బ్లేడు చాలు. మీరు టిఫిన్ చేసి వచ్చేలోపు మీ గన్ ఒక దొంగ చేతిలో ఉంటుంది. పైగా బ్యాగు అంటే ప్రతి ఆగిన చోటా తియ్యడం, పెట్టడం. అనుకోకుండా పేలే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ క్షణాల్లోనే. ఒకసారి నా స్టూడెంట్ ఒకతను రైడింగ్ జాకెట్‌తోనే షూటింగ్ రేంజ్‌కి వచ్చాడు. గన్ తిరిగి హోల్‌స్టర్‌లో పెడుతుంటే, జాకెట్ అంచున లాగి బిగించే తాడు, దాని చివరి ప్లాస్టిక్ బొడిపె, ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరింది. ఇంకొక అంగుళం కిందికి నొక్కితే తొడలోకి పేలేది. నేను అరిచాను, ఆగాడు. ఆ సాయంత్రమే నా జాకెట్ తాడు కత్తిరించేశాను, మీరూ కత్తిరించండి. గన్ ఇంట్లో, గ్లౌజులు వేసుకోకముందు, చూసుకుంటూ పెట్టుకోండి. మళ్లీ ఇంటికి వచ్చాకే తియ్యండి, హోల్‌స్టర్‌తో సహా. దారిలో ఎర్రటి 51 శాతం బోర్డున్న (ఆదాయంలో సగానికి పైగా మందు అమ్మకం నుంచే వచ్చే) బార్‌లో తినాలనుకుంటే గన్ ఇంట్లో వదిలేసి రండి, లోపలికి తీసుకెళ్లడం నేరం.

ఇంజన్ అదురుకి గన్ పేలుతుందా? పేలదు. ట్రిగ్గర్ నొక్కితే తప్ప కదలని అడ్డు ఈ కాలపు పిస్టళ్లలో చాలావాటికి లోపలే ఉంటుంది. కింద పడితే పేలే లోపం బయటపడి 2017లో సిగ్ సావర్ కంపెనీ తన పీ320 పిస్టల్‌కి మార్పు చేసి ఇచ్చింది. పాతది కొంటే ఆ మార్పు జరిగిందో లేదో చూసుకోండి. అదురుకి వదులయ్యేవి హోల్‌స్టర్ స్క్రూలు. నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వెయ్యండి, నెలకోసారి బిగించి చూడండి.

గన్ ఉంటే రోడ్డు మీద ఎవడూ మన జోలికి రాడన్నది ఇంకో పుకారు. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద, ముందు బ్రేకు మీద ఉంటుంది. నడుస్తున్న బైక్ మీద గన్ తీస్తే ముందు పడేది మీరు. బెదిరించడానికి చూపించినా కేసే. కారువాడు మీదకొస్తే వెనక్కి తగ్గండి, ఎగ్జిట్ తీసుకోండి.

ఇక కొందరు భయంభయంగా అడిగే ప్రశ్న. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లకి గన్ పెట్టుకుని తిరగడానికి పర్మిట్ అక్కర్లేదట కదా, హెచ్1బీ మీద ఉన్నా పెట్టుకోవచ్చా? పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1, ఎల్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర గన్ ఉండటమే నేరం. 2022 నుంచి శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ, ఫ్రెండ్ చెప్పాడని వాటిని నమ్ముకోవద్దు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసి ఈఏడీ (ఉద్యోగం చేసుకునే పర్మిట్) చేతికొచ్చినంత మాత్రాన గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. ఇప్పటికే కజిన్ గన్ మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే టెన్షన్‌తో నిద్ర మానుకోకండి, ఈ రోజే లాయర్‌కి ఫోన్ చెయ్యండి.

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకి కూడా లైసెన్స్ తీసుకోమనే చెప్తాను. స్కూలుకి 1,000 అడుగుల లోపు గన్ ఉండకూడదనే ఫెడరల్ చట్టం నుంచి రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది, పర్మిట్ లేకుండా తిరిగేవాళ్లకి లేదు. బైక్ మీద రోజూ ఎన్ని స్కూళ్ల పక్క నుంచి వెళ్తారో లెక్కపెట్టుకోండి. లైసెన్స్ కోసం పెట్టే షూటింగ్ పరీక్షలో 50 రౌండ్లు, 250 మార్కులు, 175 వస్తే పాస్. అంత కష్టమేం కాదు.

రైడ్ మొదలయ్యే ముందు ఎవరి దగ్గర గన్ ఉంది, ఏ వైపు ఉంది అని మా గ్రూపులో చెప్పుకుంటాం. పడ్డాక స్పృహ ఉంటే అంబులెన్స్ వాళ్లతో అనాల్సిన మొదటి మాట: "నా కుడి నడుం దగ్గర గన్ ఉంది." మీరు తీసి ఇవ్వకండి, చెయ్యి కూడా వెయ్యకండి. వాళ్లు బట్టలు కత్తిరించేది ఆ తర్వాతే.