పోయిన పిలగాని రక్తం రెండు ఎం.ఎల్. దాచిపెట్టి ఉంటే

"మొదటి పోరడు ఆరు నెలలకే నిమోనియాతోని పాయె, రెండోవానికి గూడ గట్లనే మొదలైంది" అనే మాట మా నల్గొండ దిక్కు అప్పుడప్పుడు వింటుంటం. దిష్టి అంటరు, తాయెత్తు కడతరు, ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ నడుస్తది. కానీ లోపం పుట్టుకతోనే ఇమ్యూనిటీలో ఉండొచ్చు, ప్రైమరీ ఇమ్యునోడెఫిషియెన్సీ అంటే అదే.

1952లో బ్రూటన్ అనే అమెరికా డాక్టరు, మాటిమాటికి ఇన్ఫెక్షన్లు వచ్చే 8 ఏండ్ల పిలగాని రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ లేదని కనిపెట్టిండు. దాని వెనకున్న జీన్ 1993లో గాని దొరకలె. దాని పేరు బీటీకే, ఎక్స్ క్రోమోజోమ్ మీదుంటది, ఆడోళ్లకు ఎక్స్ రెండు, మగోళ్లకు ఒకటే, అందుకే తల్లి బాగనే ఉంటది గాని ఆమెలో ఒక ఎక్స్ మీద ఆ జీన్ చెడిపోయి ఉంటే పుట్టే ప్రతి కొడుక్కి ఈ జబ్బొచ్చే చాన్స్ సగం. ఇట్లాంటి జీన్లు ఇప్పటికి 400కు పైనే తెలిసినయ్.

మొదట్లనే జీన్ టెస్టుకు ఉరకొద్దు. సీబీపీ రక్త పరీక్షల లింఫోసైట్లనే తెల్లకణాల లెక్క, ఇమ్యునోగ్లోబ్యులిన్లు అంటే యాంటీబాడీల లెక్క, ఏ రకం కణాలు ఎన్నున్నయో చూసే ఫ్లో సైటోమెట్రీ, వీటితోని చాలా తెలుస్తది. ఆ తర్వాత ఎక్సోమ్ టెస్టు, అంటే ప్రోటీన్లు తయారుచేసే 20 వేల జీన్లను ఒక్కసారే చదువుడు. ఒక్కోసారి "ఈ మార్పు మంచిదో చెడ్డదో తెల్వదు" అని రిపోర్టొస్తది, అప్పుడు అమ్మానాన్నల రక్తం గూడ చూడాలె, ఆ ఒక్క కాగితం పట్టుకొని భయపడొద్దు.

జీన్ పేరు తెలిస్తే ఏమైతది అంటే, వైద్యమే మారుతది. బీటీకే అయితే ఇమ్యునోగ్లోబ్యులిన్ క్రమం తప్పకుండా ఎక్కిస్తరు, స్కిడ్ అనే తీవ్రమైన రకమైతే బోన్ మ్యారో మార్పిడి కావాలె, ఆ బిడ్డకు బీసీజీ టీకా గూడ ప్రమాదమే, అందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా గదా. మన దగ్గరేమో పుట్టంగనే బీసీజీ వేస్తరు. అందుకే ఇంట్ల ముందొక పసిబిడ్డ ఇట్ల పోయి ఉంటే, కాన్పు కాకముందే డాక్టరుకు చెప్పాలె, టీకా వేసినంక కాదు.

మేనరికం చేసుకున్న ఇండ్లల్ల ఇద్దరి దగ్గరా ఒకటే చెడ్డ జీన్ ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు ప్రతి కాన్పుకు నాలుగోవంతు భయం. ఏ జీనో ముందే తెలిస్తే 11 నుంచి 13 వారాల గర్భంలోనే మాయ ముక్క తీసి చూడొచ్చు. నాకు బాధయ్యేది ఇక్కడనే, బిడ్డ పాణం మీదికొచ్చినప్పుడు ఊదా మూత ట్యూబులో రెండు ఎం.ఎల్. రక్తం తీసి డీఎన్‌ఏ దాచమని ఎవరూ చెప్పరు, తర్వాత ఆ తల్లి మళ్ల నెల తప్పి వచ్చినప్పుడు ఏ జీన్ కోసం వెతకాలెనో ఎవరికీ తెల్వదు.