పాఠానికి మూడు నెలల పాత ధరే ఎందుకు?

ట్రేడింగ్ పాఠాలు చెప్పే ఒక చానెల్‌కి నేను స్క్రిప్టులు రాస్తుంటాను. మొన్నీమధ్య రాసిన ఒక రీల్ స్క్రిప్టు, మాతో టై-అప్ ఉన్న బ్రోకరేజీ సంస్థలో రూల్స్ చూసే కంప్లయన్స్ వాళ్ల దగ్గర్నుంచి ఎర్రగీతలతో తిరిగొచ్చింది. సపోర్ట్, రెసిస్టెన్స్ (ధర పడటం ఆగే, పెరగడం ఆగే లెవెల్స్) అంటే ఏంటో చెప్పడానికి ఒక షేరు నిన్నటి చార్టు పెట్టాను, అంతే నేను చేసింది. "పేరు తీసెయ్యండి, లేదా మూడు నెలలు దాటిన చార్టు పెట్టండి" అని పక్కన నోట్. మొదట ఒళ్లు మండింది. ఈ రూల్ ఎక్కణ్నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూస్తే వాళ్లని తిట్టబుద్ధి కాలేదు.

ఫీజు తీసుకుని పెట్టుబడి సలహా ఇచ్చేవాళ్లు స్టాక్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ కావాలని 2013లోనే నిబంధనలు వచ్చాయి. షేర్ల మీద రికమండేషన్లు ఇచ్చే రీసెర్చ్ ఎనలిస్టులకు 2014లో వచ్చాయి. అయితే 2013 నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది: పేపర్లోనో టీవీలోనో అందరికీ అందుబాటులో ఉండేలా చెప్పింది 'పెట్టుబడి సలహా' కిందికి రాదని. అప్పటికి అది సబబే, పేపర్లో కాలమ్ రాసే పెద్దమనిషి మన జేబులో ఎంతుందో చూసి రాయడు కదా. కానీ ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ ఒక టీవీ చానెల్ అయిపోయే రోజు వస్తుందని ఆ వాక్యం రాసినప్పుడు ఎవరనుకుంటారు?

ఆ రోజు లాక్‌డౌన్‌లో వచ్చింది. 2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు (షేర్లు దాచుకునే ఖాతాలు) సుమారు 4 కోట్లు, 2024 మార్చికి 15 కోట్లు దాటాయి. ఇంట్లో కూర్చున్న జనం, చేతిలో చౌక డేటా, అయిదు నిమిషాల్లో ఖాతా తెరిచే యాప్‌లు. చాలా వీడియోల కింద "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది, అకౌంట్ ఓపెన్ చేసుకోండి" అని ఒక లైను. అసలు కథంతా ఆ లైనులోనే ఉంది. ఆ లింకుతో ఎవరైనా ఖాతా తెరిస్తే వీడియో చేసినవాడికి కమిషన్, కొన్నిచోట్ల మనం ట్రేడ్ చేసినప్పుడల్లా బ్రోకరేజీ ఫీజులో వాటా కూడా. మనకి లాభమొచ్చినా నష్టమొచ్చినా వాడికి ముడుతుంది, కాకపోతే మనం ఎక్కువసార్లు కొనాలి, అమ్మాలి. ఇది తెలుగు, హిందీ అని తేడా లేకుండా అన్నిచోట్లా నడిచింది.

తర్వాత ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. 2022 జనవరిలో షేర్ల టిప్స్ ఇచ్చే ఒక టెలిగ్రామ్ గ్రూపు మీద సెబీ ఉత్తర్వు. 2023 మార్చిలో సాధనా బ్రాడ్‌కాస్ట్ కేసు: ఆ కంపెనీని పెద్ద గ్రూపు కొంటోందంటూ యూట్యూబ్‌లో వీడియోలు, నమ్మి జనం ఎగబడితే పెరిగిన ధరకి లోపలివాళ్లు అమ్ముకున్నారన్నది సెబీ ఆరోపణ. అదే ఏడాది అక్టోబర్‌లో 'బాప్ ఆఫ్ చార్ట్' అనే పేరుతో సోషల్ మీడియాలో నడిచిన ఖాతా వంతు. అక్కడ పైకి అమ్మింది కోర్సులు. చదువు పేరుతో ఏది కొనాలో, ఏది అమ్మాలో చెబుతున్నారని సెబీ 17.2 కోట్లు జమ చేయమంది. నా చార్టు మీద ఎర్రగీత పడటానికి మూలం నా లెక్కలో ఈ కేసే, ఎందుకంటే 'నేను పాఠమే చెప్తున్నా' అనే మాట అక్కడ చెల్లలేదు.

యూట్యూబ్‌లో లక్షలమందిని ఒక్కొక్కరిగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే సెబీ డబ్బు వచ్చే గొట్టం మీద చెయ్యేసింది. 2023 ఆగస్టులో చర్చాపత్రం, 2024 ఆగస్టు 29న నిబంధన: రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చేవాళ్లతో, ఇంత లాభం వస్తుందని చెప్పేవాళ్లతో బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్‌లు ఏ రకమైన లావాదేవీ పెట్టుకోకూడదు. క్లయింట్లను పంపించుకోవడం కూడా కుదరదు. కేవలం చదువు చెప్పేవాళ్లకి మినహాయింపు ఉంది. మరి ఏది చదువు? దానికి 2025 జనవరి 29 సర్క్యులర్ జవాబు చెప్పింది, షేరు పేరుతో పాటు గత మూడు నెలల ధర వాడితే అది చదువు కాదని. మధ్యలో, 2024 సెప్టెంబర్‌లో సెబీ అధ్యయనం ఒకటి వచ్చింది: మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్: రేపటి ధర మీద ఇవాళే చేసుకునే ఒప్పందాలు)లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టాలే, మొత్తం 1.8 లక్షల కోట్ల పైన. ఆ అంకె చూశాక నిబంధన మరీ కఠినమని వాదించే ఓపిక నాకైతే లేదు.

డీప్‌ఫేక్‌ల గొడవ మరోవైపు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) అధిపతి ముఖంతోనే నకిలీ టిప్స్ వీడియోలు తిరిగాయి, ఎక్స్ఛేంజే హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. 2025 మార్చిలో సెబీ, రిజిస్టర్డ్ సంస్థలు గూగుల్‌, మెటాల్లో ప్రకటన ఇవ్వాలంటే తన దగ్గర నమోదైన ఈమెయిల్, ఫోన్ నంబరుతోనే వెరిఫై కావాలంది.

దీంతో మా పని తీరే మారింది. ఇదివరకు పొద్దున్నే ఏ ఆడియో ట్రెండవుతోందో చూసేవాణ్ని, ఇప్పుడు ముందు సెబీ సైట్లో సర్క్యులర్ల పేజీ తెరుస్తున్నాను, తర్వాతే ఇన్‌స్టా. ఆ రీల్ చివరికి అయిదు నెలల నాటి చార్టుతో పోస్ట్ చేశాం. కింద మొదటి కామెంట్: "బ్రో, ఇవాళ్టి లెవెల్స్ చెప్పండి."