లివర్ జబ్బులో పథ్యం: అపోహలు - వాస్తవాలు

లివర్ మార్పిడి విభాగంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ముదిరాక మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పొట్ట నిండా నీరుంటుంది, చేతులూ తొడలూ మాత్రం కరిగిపోయి ఉంటాయి. అలా కరగడానికి కారణం కొంత జబ్బయితే, కొంత ఇంట్లోవాళ్లు ప్రేమతో పెట్టిన పథ్యం. అందుకే ఇక్కడ తిండి గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: పప్పు, గుడ్డు, మాంసం నంజు చేస్తాయి. చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టాలి.

వాస్తవం: ఈ మాట ఇళ్లలో పుట్టింది మాత్రమే కాదు, ఒకప్పుడు డాక్టర్లూ ఇలాగే చెప్పేవారు. ప్రోటీన్ నుంచి పేగుల్లో అమ్మోనియా పుడుతుంది. దాన్ని యూరియాగా మార్చే శక్తి లివర్‌కు తగ్గితే అది మెదడు దాకా వెళ్లి మగత, తికమక తెస్తుంది. కాబట్టి ప్రోటీన్ ఆపితే మంచిదనుకున్నారు. 2004లో బార్సిలోనా డాక్టర్లు దీన్ని పరీక్షించారు. మగతతో చేరిన రోగుల్లో కొందరికి మొదటి రోజు నుంచే మామూలు మోతాదులో ప్రోటీన్ ఇచ్చారు, మిగతావారికి మొదట ఆపి మెల్లగా పెంచారు. చిన్న పరిశోధనే. అయినా ప్రోటీన్ ఆపినందువల్ల మగత త్వరగా తగ్గింది లేదు, పైగా వాళ్ల ఒంట్లో కండ ఎక్కువగా కరిగింది. కండ కూడా అమ్మోనియాను పట్టి తొలగిస్తుంది, అది పోతే రోగికి నష్టం రెండింతలు.

ఇప్పుడు మార్గదర్శకాలు చెప్పేది కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఆ బరువులో పొట్టలోని నీటిని లెక్కలోకి తీసుకోకూడదు. గుడ్డులో 6 గ్రాములుంటాయి, వండకముందు 50 గ్రాములు తూగే కందిపప్పులో 11 దాకా ఉంటాయి. చారన్నంతో ఎన్ని పూటలు గడిపినా ఆ లెక్క చేరదు. మగత వచ్చిపోతున్నవాళ్లకు మాంసం కంటే పాలు, పెరుగు, పప్పులు బాగా పడతాయి. అంతేగానీ మొత్తం మోతాదు తగ్గించం.

అపోహ: రాత్రి కడుపు ఖాళీగా ఉంచితే లివర్‌కు విశ్రాంతి.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ నమ్మకమే. మామూలు మనిషి లివర్ చక్కెరను గ్లైకోజెన్ రూపంలో దాచుకుని రాత్రంతా నడిపిస్తుంది. సిరోసిస్‌లో ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే వచ్చే స్థితి వీళ్లకు ఒక్క రాత్రిలోనే వస్తుంది, ఒళ్లు తన కండనే ఖర్చు చేసుకుంటుంది. న్యూజిలాండ్‌లో ఒకే రకం పోషకాహారాన్ని ఏడాది పాటు కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చి చూశారు. 2008లో ఫలితాలు వచ్చాయి: రాత్రి తీసుకున్నవాళ్లకే కండ పెరిగింది, దాదాపు 2 కిలోలు. కాబట్టి పడుకునే ముందు గ్లాసు పాలు, రెండు అరటిపండ్లు, లేదా పాలు పోసిన రాగిజావ తీసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లను చేతులు జోడించి ఆపమంటాను.

అపోహ: ఉప్పు చిటికెడు కూడా వేయకూడదు.

వాస్తవం: పొట్టలో నీరుంటే రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించకూడదు. ఊరగాయ, అప్పడం, బయటి చిరుతిళ్లు అన్నీ ఆ చెంచాలోకే వస్తాయి. ఉప్పు పూర్తిగా తీసేస్తే రోగి రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేస్తాడు.

అపోహ: అల్బుమిన్ (లివర్ తయారుచేసే, రక్తంలో ఉండే ప్రోటీన్) తగ్గింది కాబట్టి సీసాలు ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: అల్బుమిన్ తిండికి బదులు కాదు. బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేరిన 700 మందికి పైగా సిరోసిస్ రోగుల్లో రక్తంలోని అల్బుమిన్ అంకెను పెంచడమే లక్ష్యంగా ఎక్కించి చూస్తే ఇన్‌ఫెక్షన్లు గానీ, కిడ్నీ దెబ్బతినడం గానీ, మరణాలు గానీ తగ్గలేదని 2021లో తేలింది. పొట్టలోంచి 5 లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, ఆ నీటికి ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు మాత్రం అల్బుమిన్ తప్పనిసరి. నెలల తరబడి వారం వారం ఇస్తే ఆయుష్షు పెరిగిందని ఇటలీ పరిశోధన ఒకటి 2018లో చూపింది, ఆ చర్చ ఇంకా నడుస్తోంది. అప్పు చేసి సీసాలు కొనే ముందు ‘ఎందుకోసం ఎక్కిస్తున్నారు సార్?’ అని అడగండి.

అపోహ: పసరు మందుతో కామెర్లు తగ్గుతాయి.

వాస్తవం: హెపటైటిస్-ఎ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. సిరోసిస్ కామెర్లు వేరు. తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన దేశం నుంచే నమోదయ్యాయి.

అపోహ: ఎలాగూ మార్పిడి చేస్తారు, తిండి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: జబ్బు తీవ్రతను కొలిచే మెల్డ్ స్కోరు బిలిరుబిన్ (కామెర్లు), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) వంటి రక్తపరీక్షల అంకెలతో లెక్కకడతారు. కండ ఎంత పోయిందో అందులో కనబడదు. క్యోటో విశ్వవిద్యాలయంలో, మన దగ్గర ఎక్కువగా జరిగినట్టే, బతికున్న దాతల లివర్‌తో మార్పిడి చేయించుకున్నవారిని గమనించారు. కండ తక్కువున్నవాళ్లు ఆపరేషన్ తర్వాత తక్కువగా బతికారు. వాళ్లలోనే, ఆపరేషన్ ముందూ వెనకా పోషకాహారం పద్ధతిగా అందినవాళ్ల పరిస్థితి మెరుగ్గా ఉందని 2013లో రాశారు. అందుకే ఆపరేషన్ తేదీ ఇంకా ఖాయం కాకపోయినా, రోగి మొదటిసారి వచ్చిన రోజే భుజం, తొడ కొలిచి, చేతి పట్టు చూసి, రాత్రి పది గంటలకు ఏం తింటున్నారో రాసి తెమ్మంటాను.