గాలి తీసేస్తే గ్రిప్ రాదు: స్పోర్ట్స్ బైక్ టైర్లపై అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఆదివారం తెల్లారకముందే ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాకా వెళ్ళొచ్చే స్పోర్ట్స్ బైకుల్లో మన తెలుగు కుర్రాళ్ళవి చాలానే ఉంటాయి. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఓఎంఆర్‌లో, అంటే ఐటీ కంపెనీలుండే పాత మహాబలిపురం రోడ్డులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు. వాళ్ళలో ఎవరో ఒకరు మా టైర్ల షాపుకు వచ్చి, అదే టెన్షన్‌తో అదే మాట అడుగుతుంటారు: "అన్నా, ఐదు వేలు కూడా తిరగలేదు, వెనక టైరు అప్పుడే అయిపోయింది. డిఫెక్ట్ పీస్ అంటగట్టారా?" నేను ముందు గేజి పెట్టి చూస్తాను. మాన్యువల్లో 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉన్న టైరులో 33 ఉంటుంది. లీకు కాదు. కావాలని తీయించిన గాలి.

అపోహ: గాలి తగ్గిస్తే టైరు రోడ్డును ఎక్కువగా పట్టుకుంటుంది. ట్రాక్ మీద రేసర్లు చేసేది అదే కదా.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టిస్తున్న మాట ఇది. ట్రాక్‌లో తగ్గిస్తారన్నది నిజమే. ఎందుకు తగ్గిస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద ప్రతి ల్యాపులో గట్టి బ్రేకులు, లోతైన వంపులు, వెంటనే ఫుల్ త్రాటిల్. టైరు బాగా వేడెక్కి లోపలి ప్రెషర్ పైకి పోతుంది. ఆ వేడి మీద ఎంత ఉండాలో ముందే లెక్క వేసుకుని, చల్లగా ఉన్నప్పుడు తక్కువతో మొదలుపెడతారు. బయటికి రాగానే మళ్ళీ గేజి పెడతారు. షోలింగనల్లూరు సిగ్నల్లో ఆగి ఆగి వెళ్ళే బండికి ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

పోనీ, రేసుల్లో ఎంత తక్కువైనా సరేనా అంటే అదీ కాదు. బైకుల ప్రపంచ స్థాయి రేసులైన మోటోజీపీలో ముందు టైరుకు కనీస ప్రెషర్ నిబంధన ఉంది. 2025 సీజన్ మొదటి రేసులో, థాయ్‌లాండ్‌లో, మార్క్ మార్కెజ్ అందరికన్నా ముందుండి కూడా తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చి వెనకాల నడిపాడు. ముందు బండి నుంచి వచ్చే వేడి గాలికి తన టైరు వేడెక్కి ప్రెషర్ పెరగాలని. తర్వాత దాటి గెలిచాడనుకోండి. గెలుస్తున్న మనిషి ప్రెషర్ పెంచుకోవడానికి వెనక్కి తగ్గితే, మనం కేళంబాక్కం వెళ్ళడానికి గాలి తీయించుకుంటున్నాం.

గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ అవసరానికి మించి నలుగుతుంది. ఆ నలుగుడుకు లోపల వేడి పుట్టి రబ్బరు త్వరగా అరుగుతుంది. ముందు టైరు బ్లాకులు ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా మెట్లు మెట్లుగా తయారవుతాయి. హ్యాండిల్ బరువెక్కుతుంది. గుంతలో పడితే రిమ్ము సొట్ట పోతుంది.

సూళ్ళూరుపేట అబ్బాయి ఒకడు ఇలాగే వచ్చాడు. మలుపులో బండి సగం వంగి ఆగుతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతున్నట్టు ఒరుగుతుంది అన్నాడు. అప్పటికే వేరేచోట కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మార్పించాడు, ఫోర్క్ ఆయిల్ మార్పించాడు. తేడా లేదు. బండి మీద నమ్మకం పోయి, ఊరికి రైల్లో వెళ్తున్నాడు. చూస్తే ముందు టైరులో 22 ఉంది, వెనక టైరు నడుమ పలకలా అరిగింది. పలకలా అయిన టైరుకు అంచు వస్తుంది. వంగేటప్పుడు బండి ఆ అంచు దాటాలి. అతనికి అనిపించిన ఆగడం, పడటం అదే. టైర్లు మార్చి, మాన్యువల్ ప్రకారం గాలి కొట్టి పంపాను. తడ దాటాక ఫోన్ చేసి "అన్నా, కొత్త బండిలా ఉంది" అన్నాడు. ఆ పిల్లాడు అన్నాళ్ళు భయపడింది తలుచుకుంటే, ఇలాంటి సలహాలు పంచేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇందులోనే ఇంకో చిక్కుంది. కొందరు కావాలని తగ్గించరు, మధ్యాహ్నం బంకులో చెక్ చేయించి తగ్గించేసుకుంటారు. టైరులో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ప్రెషర్ సుమారు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 36 ఉన్నది చెన్నై ఎండలో తిరిగొచ్చాక 41 చూపించడం మామూలే. "ఎక్కువైంది" అని 36కు దించితే, మర్నాడు పొద్దున అందులో ఉండేది 31. మాన్యువల్లో రాసిన అంకె చల్లటి టైరుకు. పొద్దున్నే బండి కదలకముందు చూడండి. సొంత గేజి ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: నడుమ అరిగి పక్కలు మిగిలితే టైరులో లోపం ఉన్నట్టు.

వాస్తవం: మీరు నడిపిన రోడ్డు అది. ఈసీఆర్ అయినా, కోల్‌కతా హైవే అయినా దాదాపు నిటారు రోడ్లే. అందుకే చాలా స్పోర్ట్ టైర్లకు నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు వేస్తారు. జర్మనీలోని సాక్సెన్‌రింగ్ ట్రాక్‌లో 10 ఎడమ మలుపులు, 3 కుడి మలుపులు. అక్కడ రేసు టైరుకు కుడివైపు ఒక రబ్బరు, ఎడమవైపు ఒక రబ్బరు ఉంటుంది. ఎటు వాడితే అటు అరుగుతుంది.

ఇక నడిపే తీరు. త్రాటిల్, ముందు బ్రేకు రెండూ కుడి చేతిలోనే ఉన్నాయి కాబట్టి, టైరు ఆయుష్షులో చాలా భాగం ఆ చేతిలోనే ఉంది. సిగ్నల్ పడగానే ఒక్కసారిగా తిప్పితే వెనక టైరు కంటికి కనబడనంతగా జారుతూ అరుగుతుంది. వెనక చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లైటు మాటిమాటికీ మిణుకుమంటోందంటే అక్కడ రబ్బరు పోతున్నట్టే. మలుపులో బండి ఇంకా వంగి ఉండగానే త్రాటిల్ గుంజితే ఇంకా ఎక్కువ పోతుంది, ఎందుకంటే తోపంతా ఆ కాస్త అంచు మీదే పడుతుంది. ఇంజిన్ వేగం (రెవ్) చక్రం వేగానికి కలపకుండా గేర్లు దబదబా దించితే వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది. చివరి క్షణంలో ముందు బ్రేకు పిండే అలవాటు ముందు టైరును మెట్లుగా చేస్తుంది. త్రాటిల్ మెల్లగా తెరిచేవాళ్ళు, దూరం నుంచే వేగం తగ్గించుకునేవాళ్ళు అదే టైరుతో చాలా దూరం వెళ్తారు. అలాగని మెత్తటి స్పోర్ట్ టైరు నుంచి స్ప్లెండర్ టైరు మైలేజీ ఆశించకండి. రోజూ ఆఫీసుకు అదే బండి అయితే స్పోర్ట్ టూరింగ్ రకం వేయించుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

టైరు అంచుల్లో వాడని పట్టీ మిగిలితే పిరికివాడని ఎగతాళి చేస్తారు. ఆ పట్టీ పోగొట్టడానికి ఏలగిరి కొండ మీది హెయిర్‌పిన్ మలుపుల్లో ప్రయత్నించొద్దు. రోడ్డు మీద అది మిగలడమే మంచిది.

నైట్రోజన్ నింపితే అరగదంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

వెడల్పు టైరు వేస్తే గ్రిప్ పెరగదు. రిమ్ముకు సరిపడనిది వేస్తే ఆకారం నొక్కుకుపోయి, బండి వంగే తీరు చెడుతుంది.

కొత్త టైరును గరుకు కాగితంతో రుద్దకండి. మొదటి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు.

బటన్ (టైరు మీది గాడుల లోతు) ఉందా లేదా అన్నది పక్కల కాదు, నడుమ చూడాలి. పక్క గోడ మీద టీడబ్ల్యూఐ అన్న గుర్తుకు ఎదురుగా గాడిలో చిన్న దిమ్మె ఉంటుంది. రబ్బరు దాని మట్టానికి వస్తే టైరు అయిపోయినట్టే. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం.

పక్క గోడలో మేకు దిగితే ప్యాచ్ వేయమని బతిమాలకండి. నేను వేయను. ఇంకెవరైనా వేస్తామన్నా వేయించుకోకండి.