ఇనార్గానిక్ కెమిస్ట్రీ మీద మా కడప విద్యార్థుల అపోహలు, అసలు వాస్తవాలు

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో కొత్తగా చేరిన పిల్లలను ఏ పేపరంటే భయమని అడిగితే ఎక్కువ మంది ఇనార్గానిక్ పేరే చెబుతారు. ప్రొద్దుటూరు, బద్వేలు, రాయచోటి, పులివెందుల, ఎక్కడ డిగ్రీ చదివి వచ్చినా ఫిర్యాదు ఒకటే. ఆర్గానిక్‌లో బాణాలు గీస్తూ పోతే దారి కనిపిస్తుందట, ఫిజికల్‌లో సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వస్తుందట, ఇనార్గానిక్‌లో మాత్రం ఏ మూలకం ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో దానికే తెలియదట. కడపలో పీజీ విద్యార్థులకు ఈ పేపరు చెబుతూ ఏటా నేను వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని సీనియర్ల రికార్డు పుస్తకాలతో పాటు జూనియర్లకు అందుతాయి. కొన్నింటికి మా అధ్యాపకులదే బాధ్యత.

అపోహ: ఇనార్గానిక్ అంటే బట్టీ. గుర్తున్నవాళ్లు గట్టెక్కుతారు, మరచినవాళ్లు సప్లిమెంటరీ రాస్తారు.

ఇది ఇంటర్మీడియట్‌లో పట్టుకునే జబ్బు. ప్రవేశ పరీక్షల తొందరలో అక్కడ ఫిజికల్‌కు లెక్కలు చేయిస్తారు, ఆర్గానిక్‌కు మెకానిజం చెబుతారు, ఇనార్గానిక్‌కు పట్టికలిచ్చి కంఠస్థం చేయమంటారు. పిల్లలు అదే అలవాటుతో సాల్ట్ అనాలిసిస్‌కు, అంటే ఇచ్చిన ఉప్పులో ఏ మూలకాలున్నాయో వరుస పరీక్షలతో కనిపెట్టే ప్రాక్టికల్‌కు వస్తారు. మొదటి గ్రూపుకు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండో గ్రూపుకు హైడ్రోజన్ సల్ఫైడ్, మూడో గ్రూపుకు అమ్మోనియం క్లోరైడ్, ఆపైన అమ్మోనియం హైడ్రాక్సైడ్ అని మంత్రంలా అప్పజెబుతారు. మధ్యలో ఆపి, ఈ అడుగు ఎందుకని అడిగితే చాలు, మంత్రం అక్కడే తెగిపోతుంది.

వాస్తవం ఏమిటంటే ఆ పట్టికను నడిపేది చాలావరకు ద్రావణీయతా లబ్ధం, అంటే ద్రావణంలో అయాన్లు ఎంత మేరకు చేరితే లవణం ఘనంగా అడుగుకు దిగుతుందో చెప్పే హద్దు. ఆమ్ల ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు ఎక్కువగా ఉండటం వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ సరిగా విడిపోదు, సల్ఫైడ్ అయాన్లు అతి స్వల్పంగా మిగులుతాయి. ఆ స్వల్పానికే రాగి, సీసం, కాడ్మియం, బిస్మత్ అవక్షేపిస్తాయి. జింకు, మాంగనీసు, నికెల్, కోబాల్ట్‌లకు అది చాలదు. అమ్మోనియాతో ద్రావణాన్ని క్షారంగా మార్చినప్పుడు సల్ఫైడ్ పెరిగి, అవి నాలుగో గ్రూపులో బయటపడతాయి. మూడో గ్రూపులో అమ్మోనియం క్లోరైడ్‌ను ముందు కలిపేది హైడ్రాక్సైడ్ అయాన్లను అదుపులో ఉంచడానికి. అది మరచిపోతే ఇనుము, అల్యూమినియం, క్రోమియంలతో పాటు మెగ్నీషియం, మాంగనీసు కూడా దిగుతాయి. ఇక ఆ విద్యార్థి ఆ పూటంతా తన ఉప్పులో లేని అల్యూమినియాన్ని వెతుకుతూ కూర్చుంటాడు. మూడో గ్రూపుకు ముందు ద్రావణాన్ని మరిగించి రెండు చుక్కల గాఢ నైట్రిక్ ఆమ్లం వేయమనేది కూడా ఊరికే కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మిగిలి ఉంటే నాలుగో గ్రూపు మూలకాలు ఇక్కడే సల్ఫైడ్లుగా పడిపోతాయి. పైగా ఆ వాయువు ఇనుమును ఫెర్రస్ స్థితికి దించి ఉంటుంది. అమ్మోనియం క్లోరైడ్ ఉన్నప్పుడు ఫెర్రస్ హైడ్రాక్సైడ్ పూర్తిగా అవక్షేపించదు కాబట్టి దాన్ని మళ్లీ ఫెర్రిక్‌గా మార్చాలి.

ఇవి తెలిస్తే జ్ఞాపకం మీద పడే బరువు చాలా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం నేను అనను. కాడ్మియం సల్ఫైడ్ పసుపు, జింకు సల్ఫైడ్ తెలుపు అన్నవి కళ్లతో చూసి గుర్తుంచుకోవలసినవే.

అపోహ: ఉప్పు పేరు ముందే తెలిస్తే ప్రాక్టికల్ అయిపోయినట్లే.

పరీక్ష రోజున ల్యాబ్ అటెండరు చుట్టూ తిరిగే పిల్లలను చూస్తే నాకు కోపం రాదు, నవ్వు వస్తుంది. పేరు దొరకనివాళ్లు రంగును నమ్ముకుంటారు. పచ్చగా ఉంటే నికెల్ అని రాసేస్తారు. క్రోమియం లవణాలు పచ్చగా ఉండవచ్చు, ఫెర్రస్ సల్ఫేట్ లేత పచ్చ, ఆర్ద్ర కుప్రిక్ క్లోరైడ్ నీలం కలిసిన పచ్చ. అమ్మోనియా కలిపిన ద్రావణంలో డైమిథైల్ గ్లయాక్సిమ్ వేసి గులాబీ ఎరుపు అవక్షేపం చూసేవరకు నికెల్ పేరు ఎత్తకూడదు.

అందుకే నేను ఒక్కోసారి పేరు ముందే చెప్పి మరీ ఉప్పు ఇస్తాను. అది ముగ్గురాయి పొడి, అంటే బెరైటీస్. పాత కడప జిల్లాలోని మంగంపేటలో ప్రపంచంలోనే అతి పెద్దవని చెప్పదగిన బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చే పిల్లలకు ఆ లారీలు చిన్నప్పటి నుంచి తెలుసు. రసాయనికంగా అది బేరియం సల్ఫేట్. ఇందులో బేరియం ఉందని నిరూపించి చూపించండి అంటాను. పిల్లలు సజల ఆమ్లం పోస్తారు, కరగదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి కాస్తారు, అయినా కరగదు. పేరు తెలిసి కూడా ఏమీ చేయలేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

దారి సోడియం కార్బొనేట్‌లో ఉంది. గాఢ కార్బొనేట్ ద్రావణంతో బాగా మరిగిస్తే కొంత బేరియం సల్ఫేట్ బేరియం కార్బొనేట్‌గా మారుతుంది. కార్బొనేట్ ద్రావణీయతా లబ్ధం సల్ఫేట్‌ది కంటే సుమారు 24 రెట్లు ఎక్కువ కదా, మరి ఎక్కువ కరిగే పదార్థం వైపు చర్య ఎలా పోతుంది? ద్రావణంలో కార్బొనేట్ అయాన్లు సల్ఫేట్ అయాన్ల కంటే అంతకు మించిన నిష్పత్తిలో ఉన్నంతసేపు పోతుంది. సల్ఫేట్ పేరుకుంటే ఆగుతుంది. అందుకే వడగట్టి, కొత్త కార్బొనేట్ ద్రావణం పోసి మళ్లీ మరిగించాలి. చివర్లో అవక్షేపాన్ని సల్ఫేట్ జాడ లేకుండా కడగాలి. సరిగా కడగకుండా ఆమ్లంలో కరిగిస్తే బేరియం మళ్లీ సల్ఫేట్‌గా గడ్డకట్టి మొదటికొస్తుంది, ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి ఇది తప్పదు. కడిగినవాళ్లు ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి పొటాషియం క్రోమేట్ వేస్తే పసుపు అవక్షేపం వస్తుంది. స్ట్రాన్షియం, కాల్షియం ఆ ఆమ్లంలో క్రోమేట్లుగా దిగవు. జ్వాలా పరీక్షలో లేత ఆకుపచ్చ కనిపిస్తుంది.

నీటిలో కరిగే బేరియం లవణాలు విషం. అదే బేరియం సల్ఫేట్‌ను ఆసుపత్రిలో ఎక్స్‌రే కోసం రోగి చేత తాగిస్తారు. ద్రావణీయతా లబ్ధం మార్కుల కోసం పుట్టిన అంకె అనుకునేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

అపోహ: వాసన రావడం లేదంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పోయినట్లే.

ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. గాలిలో ఈ వాయువు పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాలు దాటితే ముక్కు దాన్ని పసిగట్టే శక్తినే కోల్పోతుంది. ఈ వాయువును తయారుచేసే కిప్స్ ఉపకరణం ఉన్న గది కిటికీలు తెరిచే ఉండాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి.

అపోహ: సమ్మేళనానికి రంగు ఉందంటే డి ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎగురుతున్నట్లే.

ఈ మాట చెప్పిన ప్రతి విద్యార్థి ముందూ రెండు సీసాలు పెడతాను. ఒకదానిలో పొటాషియం పర్మాంగనేట్, రెండో దానిలో మాంగనస్ సల్ఫేట్. పర్మాంగనేట్‌లో మాంగనీసు ఆక్సీకరణ స్థితి ప్లస్ 7, డి ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా లేదు. అయినా చిటికెడు వేస్తే బీకరు నిండా ఊదా రంగు. మాంగనస్ అయాన్‌లో ఐదు డి ఎలక్ట్రాన్లు ఉన్నాయి, ద్రావణం మాత్రం దాదాపు రంగులేని లేత గులాబీ. కొందరు ఆ బీకరులో ఏమీ లేదని అనుకుని పారబోశారు కూడా.

పర్మాంగనేట్ రంగుకు కారణం ఆక్సిజన్ నుంచి మాంగనీసుకు ఎలక్ట్రాన్ ఆవేశం బదిలీ కావడం. పొటాషియం డైక్రోమేట్ నారింజ రంగుదీ అదే కథ. మాంగనస్ అయాన్‌లో ఐదు ఎలక్ట్రాన్లు ఒకే దిశలో స్పిన్‌తో విడివిడిగా ఉన్నాయి. ఏ ఎలక్ట్రాన్‌ను ఎగరేయాలన్నా స్పిన్ తిరగబడాలి, దానికి ఎంపిక నియమాలు, అంటే ఏ పరివర్తన జరగవచ్చో చెప్పే నియమాలు ఒప్పుకోవు. అందుకే ఆ శోషణ అంత బలహీనం.

ఇక కోబాల్ట్ సంగతి. కోబాల్ట్ క్లోరైడ్‌ను నీటిలో కరిగిస్తే గులాబీ రంగు, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ముదురు నీలం. ఆరు నీటి అణువులున్న అష్టముఖి నుంచి నాలుగు క్లోరైడ్లున్న చతుర్ముఖికి మారింది. రంగు మారడం అందరూ చూస్తారు, రంగు ఎందుకు అంత చిక్కబడిందని అడిగేవాళ్లు తక్కువ. అష్టముఖికి సౌష్ఠవ కేంద్రం ఉంది, చతుర్ముఖికి లేదు. కేంద్రం ఉన్నచోట డి నుంచి డికి జరిగే పరివర్తనకు నిషేధం ఉంది, కేంద్రం లేనిచోట ఆ నిషేధం సడలుతుంది. నీలం ద్రావణం అందుకే ఎన్నో రెట్లు బలంగా కాంతిని పీలుస్తుంది. ఈ ఒక్క పరీక్షనాళిక సరిగా అర్థమైతే సెమిస్టరులో ఒక యూనిట్ చదివినట్లే.

అపోహ: సగం నిండిన ఆర్బిటాళ్లు స్థిరం, అంతకు మించి అడగకూడదు.

క్రోమియంలో ఐదు డి ఎలక్ట్రాన్లు, ఒక ఎస్ ఎలక్ట్రాన్ ఎందుకంటే అందరూ ఇదే చెబుతారు. దాని కిందనే ఉన్న మాలిబ్డినంకు కూడా సరిపోతుంది. ఇంకో మెట్టు దిగి టంగ్‌స్టన్‌కు రండి. అక్కడ నాలుగు డి, రెండు ఎస్. సగం నిండటమే చట్టమైతే టంగ్‌స్టన్ దాన్ని ఎందుకు పాటించలేదు? వినిమయ శక్తి, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ, రెండు ఉపకక్ష్యల శక్తుల మధ్య తేడా, భార మూలకాల్లో సాపేక్షతా ప్రభావం వల్ల ఎస్ ఎలక్ట్రాన్లు కేంద్రకం వైపు ముడుచుకోవడం, ఇవన్నీ తూకం వేస్తే ఎటు మొగ్గుతుందన్నదే లెక్క. తరగతిలో మేము చెప్పేది సగం సమాధానమని మేమే ముందుగా ఒప్పుకుంటే బాగుంటుంది.

స్పెక్ట్రోకెమికల్ శ్రేణిదీ, అంటే లోహం చుట్టూ చేరే లైగాండ్లను (అణువులు, అయాన్లను) బలం ప్రకారం పేర్చిన వరుసదీ ఇదే తీరు. దాన్ని పాటలా నేర్చుకుంటారు. జపాన్ శాస్త్రవేత్త సుచిదా 1938లో లోహం, లైగాండ్లు కలిసిన సంశ్లిష్టాల శోషణ వర్ణపటాలు చూసి పేర్చిన వరుస అది, సిద్ధాంతం నుంచి ఊడిపడినది కాదు. పైగా అందులో ఒక ముల్లు ఉంది. స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం చెప్పినట్లు లైగాండ్లు ఉత్త ఆవేశ బిందువులైతే రుణావేశమున్న హైడ్రాక్సైడ్ నీటి కంటే బలంగా ఉండాలి. శ్రేణిలో అది నీటి కంటే కింద ఉంది. ఏ ఆవేశమూ లేని కార్బన్ మోనాక్సైడ్ అన్నింటికంటే పైన కూర్చుంది. పై (π) బంధాల గురించి మాట్లాడక తప్పని చోటు ఇదే. పరీక్షలో శ్రేణి మొత్తం తప్పులేకుండా రాసి, ఈ రెండింటి స్థానాలను గమనించని సమాధాన పత్రాలు నేను ఎన్నో దిద్దాను.

అపోహ: గ్రూప్ థియరీ ఇంటర్‌లో ఎం.పీ.సీ. చదివినవాళ్లకే వస్తుంది.

గ్రూప్ థియరీ అంటే అణువుల సౌష్ఠవాన్ని లెక్కగా చూసే పద్ధతి. బై.పీ.సీ. నుంచి వచ్చిన పిల్లలు మొదటి రోజే చేతులెత్తేస్తారు. అవసరమైన గణితం కూడికలు, గుణకారాలు, కొద్దిగా మాత్రికలు. కళ్లకు కావలసిన శిక్షణ ఇంటి ముందు ఉంది. చుక్కల ముగ్గును 90 డిగ్రీలు తిప్పినా అలాగే కనిపిస్తుందా, మధ్యలో అద్దం పెడితే రెండు సగాలు కలుస్తాయా అని చూడగలిగినవాళ్లు నీటి అణువులో అక్షాన్ని, తలాలను పట్టుకోగలరు. ముగ్గులు వేసే అమ్మాయిలు ఈ యూనిట్‌లో తరచుగా ముందుంటారు. ఫలితమూ చిన్నది కాదు. ఒక లోహం చుట్టూ నాలుగు కార్బొనిల్ సమూహాలు, రెండు ఒకే రకం ఇతర లైగాండ్లు ఉన్నాయనుకోండి. ఇన్‌ఫ్రారెడ్‌లో కార్బొనిల్ పట్టీలు నాలుగు కనిపిస్తే సిస్ (ఆ రెండు లైగాండ్లు పక్కపక్కన), ఒకటే కనిపిస్తే ట్రాన్స్ (ఎదురెదురుగా). దీన్ని సౌష్ఠవ లెక్కలకు వాడే క్యారెక్టర్ టేబుల్‌తో కాగితం మీద ముందే తేల్చవచ్చు.

అపోహ: ఇనార్గానిక్ స్పెషలైజేషన్ తీసుకుంటే ఉద్యోగం రాదు.

సగం నిజం. హైదరాబాద్ ఫార్మా సంస్థల్లో ఆర్గానిక్ వాళ్లకు ఉన్నన్ని అవకాశాలు మనకు లేవు, దాచడం దేనికి? అయితే మన రాయలసీమ భూగర్భం మొత్తం ఇనార్గానిక్. ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి వరకు సున్నపురాయి, దాని మీద సిమెంటు కర్మాగారాలు. కర్నూలు దగ్గర ఉప్పు నీటిని విద్యుద్విశ్లేషణ చేసి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు. అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య పాతది.

పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం ఇంకా మంచి ఉదాహరణ. మామూలుగా యురేనియం ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడి ఖనిజం ఉన్నది డోలమైట్ జాతి కార్బొనేట్ రాతిలో. ఆమ్లం పోస్తే ఆ రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని ఒత్తిడిలో ఆక్సిజన్ పంపి యురేనియాన్ని ప్లస్ 6 స్థితికి తెచ్చి, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో కరిగిస్తారు. కరగడానికి కారణం యురేనిల్ అయాన్ చుట్టూ మూడు కార్బొనేట్లు చేరి ఏర్పడే సంశ్లిష్టం. చివరికి సోడియం డైయురేనేట్‌గా బయటికి తీస్తారు. ఆక్సీకరణ స్థితులు, లైగాండ్లు, అవక్షేపణం, మూడూ ఒకే కర్మాగారంలో ఉన్నాయి.

సిమెంటు కర్మాగారంలో నాణ్యతా విభాగం ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకు నేను స్పెక్ట్రోకెమికల్ శ్రేణి చదువుకుని వెళ్లమని చెప్పను. లోహ అయాన్లను పట్టుకునే ఇ.డి.టి.ఎ.తో చేసే టైట్రేషన్ తిరగేయమంటాను. పీహెచ్ 10 దగ్గర కాల్షియం, మెగ్నీషియం కలిపి వస్తాయి, 12 దాటిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా పక్కకు తప్పుకుని కాల్షియం ఒక్కటే వస్తుంది. సూచిక కూడా మారుతుంది, మొదటిదానికి ఎరియోక్రోమ్ బ్లాక్ టి, రెండోదానికి ప్యాటన్ రీడర్. మధ్యలో ట్రైఇథనోలమైన్ ఎందుకు పోస్తారని అడుగుతారు. ఇనుము, అల్యూమినియం అడ్డు రాకుండా పట్టి ఉంచడానికి అని చెప్పగలిగితే, తర్వాతి ప్రశ్న జీతం గురించే ఉంటుంది.